ముళ్లు లేని బాట

నా రాతలో తప్పులుంటే మన్నించండి. పలక పట్టింది యాభై దాటాక. ఒత్తులు ఇప్పటికీ తారుమారవుతాయి. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

"చెప్పుల్లేవా అమ్మా?" అన్నాడు ముసలాయన, దారి పక్కకి ఒదిగి.

"మా కాళ్ల గొడవ నీకెందుకు తాతా?" అంది ఆరోగ్యమ్మ.

వెనకున్న ఆడవాళ్లు నవ్వారు.

అది పరిటాల గుట్టల్లో, సర్కారు అడవిలోంచి పోయే కాలిబాట. పంతొమ్మిది వందల అరవై ఒకటి, తొలకరి రోజులు.

ఆ ఆడవాళ్లంతా మోదుగాకు కోసి, విస్తళ్లు కుట్టి, నందిగామ హోటళ్లకు వేసేవారు.

ఆకు తెచ్చిన రోజే ఆరోగ్యమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆమెకప్పుడు ఐదో నెల.

చుట్టూ రేగుకంప, తుమ్మ. బాట మీద మాత్రం ముల్లుండేది కాదు. ఒట్టి కాళ్లతో ఊరికే నడిచి వచ్చేయొచ్చు.

ఆరోగ్యమ్మ తల్లి రోజుల్లో ఈ బాట లేదు.

ఆమె కూడా ఈ గుట్టకే ఆకుకు వచ్చేది. ఒకనాడు అడవి గార్డు ఆమె చెప్పులు లాక్కున్నాడు, మళ్లీ అడవిలో అడుగు పెట్టకూడదని. ముళ్ల మీద నడిచి ఇల్లు చేరింది. తొమ్మిదో రోజుకి ధనుర్వాతంతో దవడలు బిగుసుకుని చనిపోయింది.

ఆరోగ్యమ్మకు అప్పుడు నాలుగేళ్లు.

ఆ చెప్పులు తండ్రి తన చేత్తో కుట్టినవి. మడమ దగ్గర నాలుగు రాగిమేకులు సిలువలా కొట్టాడట. ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ ఆయన చెప్పులు కుట్టలేదు.

"చూసావా అక్కా, ముసలోడు అడుగడుక్కీ వంగుతున్నాడు," అంది తోడికోడలు రత్నమణి.

"నడుం పట్టేసిందేమో."

"నడుం పట్టేసినోడు కింద ఏరి సంచిలో వేసుకుంటాడా?"

ఆరోగ్యమ్మ ఆగిపోయింది.

ఎప్పుడో రాజుల కాలంలో వజ్రాలు తవ్విన గుట్టలవి. తొలకరి పడితే జనం ఇప్పటికీ వంగి వంగి రాళ్లు వెతుకుతారు.

మర్నాడు ఆడవాళ్లు బాటకడ్డంగా నిలబడ్డారు.

"సంచి ఇప్పు తాతా," అంది ఆరోగ్యమ్మ.

"నీకు పనికొచ్చేవి కావమ్మా."

"పనికిరానివైతే దాచడమెందుకు?"

ఆయన తోలు సంచిని రొమ్ముకి హత్తుకున్నాడు. ఆమె ముఖంలోకి చూశాడు.

"మీ అమ్మ ఎవరు తల్లీ?"

"మా అమ్మ ఊసు నీకెందుకు? ఆమే ఉంటే ఈ కడుపుతో నన్ను గుట్ట ఎక్కనిచ్చేదా?"

ఆయన తల దించుకున్నాడు.

ఆ పూట ఆరోగ్యమ్మే మొగుడు ఇశ్రాయేలుతో చెప్పింది. తెల్లారి ఇశ్రాయేలు, అతని తమ్ముడు ఏలీయా ఆడవాళ్ల వెంట వచ్చి ముసలాయన్ని పట్టుకున్నారు.

ఏలీయా ఒక్క తోపు తోశాడు. ఆయన రాళ్ల మీద పడ్డాడు. సంచి మాత్రం వదల్లేదు.

ఏలీయా సంచిలో చెయ్యి పెట్టి చప్పున లాక్కున్నాడు. వేలి చివర నెత్తుటి బొట్టు.

"వదినా, తేళ్లు పెట్టాడు లోపల. రాళ్లకి కాపలా."

ఇంకెవరూ ఆ సంచి ముట్టలేదు.

"రేపట్నుంచి ఈ బాటలో కనబడితే కాళ్లు విరగ్గొడతాం," అన్నాడు ఇశ్రాయేలు.

"కనబడను బాబూ. ఆ అమ్మాయిని మాత్రం కింద చూసి నడవమను."

ఆయన కుంటుకుంటూ పోతుంటే అందరూ నవ్వారు. ఆరోగ్యమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది.

తర్వాత బాటంతా వెతికారు. ఒక్క వజ్రమూ దొరకలేదు.

నెల తిరక్కుండానే గాలికి, వానకి బాట మీద ముళ్లు పరుచుకున్నాయి. రత్నమణికి పాదం వాచింది. ఇంకో ఇద్దరు మంచమెక్కారు.

ఒకరోజు ఆరోగ్యమ్మ మడమలో వేలెడు తుమ్మముల్లు దిగింది. పీకడానికి వంగింది.

వంగినట్టే ఉండిపోయింది.

ఆ కుంటి కాలితోనే బాట చివరిదాకా నడిచింది. అక్కడ ముసలాయన పాక. వాకిట్లో మేకలు కాసే బసవమ్మ కూర్చుని ఉంది.

"ఎవరి కోసం?"

"తాత కోసం."

"పోయి పది రోజులైంది. పడ్డాడంట, ఆనాటి నుంచి మంచం దిగలా. ఎవరు తోశారయ్యా అంటే, నేనే జారానన్నాడు."

ఆరోగ్యమ్మ గడపలోంచి పాకలోకి చూసింది.

"ఎవరూ లేరా ఆయనకి?"

"ఎవరున్నారు. ముందెప్పుడో సర్కారు కొలువంట. అది వదిలేసి ఈ బాట పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లబట్టి చూస్తున్నా, మీరొచ్చే ముందే ముళ్లు ఏరి పోసేవాడు. ఎందుకయ్యా అంటే పలికేవాడు కాదు."

తోలు సంచి గుంజకి వేలాడుతోంది.

ఆరోగ్యమ్మ దాన్ని దించి నేల మీద బోర్లించింది. ముళ్లు. రేగుముళ్లు, తుమ్మముళ్లు, కుప్పగా.

అన్నిటికంటే చివర, ఎండి బిగుసుకుపోయిన ఆడమనిషి చెప్పుల జత పడింది, మడమ దగ్గర నాలుగు రాగిమేకులతో, సిలువలా.

ఆరోగ్యమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు జగ్గయ్యపేటలో కూతురి దగ్గర ఉంటున్నా.