ఉచ్చారణలో స్పష్టత

ఇంజను రొద పెడుతోంది. మూసిన కిటికీ అద్దానికి అవతల, సత్తెనపల్లి బస్టాండు జనంలో నిలబడి జానీబీ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. సీట్లోంచి హీనా తల ఊపింది.

"ఏమంటోందే మీ అమ్మ?" అంది పక్కన కూర్చున్న దేవకుమారి.

"రిజల్టు రాగానే చెప్పమంటోందక్కా. అన్నం డబ్బా బస్సులో మర్చిపోవద్దంట."

"ఈ మోతలో నా మాట నాకే వినపడి చావట్లేదు. నీకెలా తెలిసిందే తల్లీ?"

"చిన్నప్పటి నుంచీ అలవాటేగా."

బస్సు కదిలింది. ఇద్దరిదీ పది రోజుల బస్సు స్నేహం. దేవకుమారి బీఈడీ చేసి, టెట్ పాసై, రెండు డీఎస్సీలు పోగొట్టుకుని, పిడుగురాళ్లలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతోంది. హీనా చదువు ఇంటర్ దగ్గరే ఆగింది. నాలుగు నెలల క్రితం దాకా జిన్నింగ్ మిల్లులో మెషీనుకి పత్తి అందించేది. ఒకరోజు పత్తితో పాటు కుడిచేతి చూపుడువేలినీ, నడిమివేలినీ కూడా లాగేసుకుంది ఆ మెషీను. అప్పటి నుంచీ నలుగురిలో ఆ చెయ్యి చున్నీ దాటి బయటికి రాదు.

"అయినా బీఈడీ లేకుండా టీచరేంటే? మేము రెండేళ్లు చదివి చచ్చాం. నీది అడ్డదారి కాదూ?"

"అడ్డదారేం కాదక్కా. భాష ఇంట్లోనే వచ్చేసినోళ్లకి వేరే దారి పెట్టారు. ఆరు నెలలు ఆన్‌లైన్ క్లాసులు, మిల్లులో ఉండగానే చేరా. ఆ తర్వాత ముగ్గురి ముందు గంటసేపు పాఠం చెప్పాలి. పాసైతే సర్టిఫికెట్టు."

"మీవాళ్లకి పుట్టుకతోనే వచ్చేస్తుందిగా. అదృష్టం."

"మా అమ్మ దగ్గరే నేర్చుకున్నా. మా ఇంట్లో అదే."

"మరి పాఠం బాగా చెప్పావా?"

"చెప్పా. కొన్ని మాటలే ఇదివరకట్లా రావట్లేదు. నెల రోజులు అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేశా."

"భయానికి నాలుక తడబడుతుందిలే. నాకూ అంతే." దేవకుమారి చున్నీ వైపు చూసి గొంతు తగ్గించింది. "దీని గురించి మాత్రం దిగులు పెట్టుకోకు. టీచరుకి కావాల్సింది నోరు. బోర్డు మీద ఎడం చేత్తోనైనా రాసుకోవచ్చు."

హీనా కిటికీ వైపు తిరిగింది. వానకి తడిసిన పత్తి చెట్ల మీదే నల్లబడి వేలాడుతోంది. చేలల్లో ఏరే మనిషి లేదు.

"బడి వాళ్లు ఏమన్నారే?"

"సోమవారం దాకా చూస్తారంట. సర్టిఫికెట్టు రాకపోతే నన్ను తీసేసి, క్లాసే ఎత్తేస్తారంట. పదకొండు మంది పిల్లలక్కా. వాళ్ల మాట వాళ్ల అమ్మానాన్నలకే రాదు. ఇంట్లో ఎవరితోనూ ఏమీ చెప్పుకోలేక, పొద్దున్నే వచ్చి నా మీద పడిపోతారు. క్లాసు పోతే మళ్లీ మూల కూర్చోవడమే."

"ఈ రోజుల్లో ఇళ్లల్లో ఉర్దూ ఎవరు మాట్లాడుతున్నార్లే."

హీనా ఏదో చెప్పబోయింది. ఒళ్లో ఫోను గుయ్‌మంది. ఎడం చేత్తో తెరిచి చూసింది. చూసి, దేవకుమారి చేతికిచ్చింది.

దేవకుమారి పైకే చదివింది. "భాషా జ్ఞానం, ఉత్తమం. బోధనా విధానం, ఉత్తమం. పిల్లలతో మెలిగే తీరు, ఉత్తమం." ఆగింది. తర్వాతిది నెమ్మదిగా చదివింది. "ఉచ్చారణలో స్పష్టత, లేదు. అర్హత పొందలేదు."

బస్సు రాజుపాలెం దాటింది.

"వీళ్ల చెవులు పాడుగాను," అంది దేవకుమారి. "గంట కొట్టినట్టు మాట్లాడతావు కదే. నీ గొంతుకేం తక్కువ? మళ్లీ కట్టొచ్చేమో చూడు."

"ఎన్నిసార్లు కట్టినా అదే రాస్తారక్కా. వాళ్ల తప్పేం లేదు."

దేవకుమారి చేతిలోనే ఫోను మళ్లీ అదిరింది. అమ్మ. వీడియో కాల్. ఆమె ఎప్పుడు చేసినా వీడియో కాలే.

హీనా ఫోను తీసుకుని ముందు సీటు కడ్డీకి ఆనించి ఎడం చేత్తో పట్టుకుంది. చున్నీలోంచి కుడిచెయ్యి బయటికి తీసింది. సర్టిఫికెట్టు రాలేదని చెప్పింది. తెరలో జానీబీ కనుబొమలు ముడిపడ్డాయి. అర్థం కాలేదు, మళ్లీ చెప్పమంది. హీనా మళ్లీ చెప్పింది. జానీబీ తల అడ్డంగా ఊపి, ముఖం ఫోనుకి ఇంకా దగ్గరగా తెచ్చింది.

"ఈ మోతలో ఆమెకి వినపడొద్దూ?" దేవకుమారి హీనా భుజం తట్టింది. "కాస్త గట్టిగా చెప్పవే."

పుట్టుచెవిటి జానీబీకి ఇన్నేళ్లూ సైగల్లో వినపడింది, పోయిన ఆ రెండు వేళ్లే.