ఇరవై సాళ్లలో నాలుగు

తనిఖీకి పెద్దసారు వస్తున్నాడని తెలిసి జగదీశ్ సారు పొద్దున్నే బడి తెరిపించాడు. నల్లబల్ల తానే తుడిచాడు. సరస్వతి పటానికి దండ వేసి, కర్పూరం వెలిగించి, చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఏం కోరుకున్నాడో ఆ తల్లికే తెలియాలి.

తర్వాత మోటారు సైకిల్ మీద సౌందర్య ఇంటికి వెళ్లాడు.

“ఇయ్యాల బడికా సారూ?” అంది ఆమె తల్లి మణెమ్మ, ఆశ్చర్యంగా.

“అవు, బడికే. జల్ది తయారుగమ్మను.”

ఐదో తరగతి సౌందర్య రెండు నిమిషాల్లో తయారైంది. సంచీ ఎప్పుడో సర్దిపెట్టుకున్నట్టుంది.

పదింటికి పెద్దసారు రామస్వామి జీపు దిగాడు. వస్తూనే హాజరు పట్టీ తిప్పాడు.

“నలభై రోజుల సంది ఒక్కరు నాగా లేరు! పక్క ఊర్లల్ల ఆడపిల్లలందరు పత్తి క్రాసింగుకే పోతున్నరు గదయ్యా.”

గద్వాల చుట్టుపక్కల విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలలో అది రోజూ ఉండే పని. మగ పువ్వు తెంపి, దాని పుప్పొడి ఆడ పువ్వుకు ఒక్కొక్కదానికి అద్దాలి. చిన్న వేళ్లు కావాలంటారు.

“ఇల్లిల్లు తిరుగుత సార్,” అన్నాడు జగదీశ్ సారు.

పెద్దసారు మెచ్చుకోలుగా చూసి సుద్దముక్క అందుకున్నాడు. బల్ల మీద పొడుగాటి పెట్టె గీసి, ఇరవై గడులు చేసి, నాలుగింటికి రంగు వేశాడు. పక్కన 4/20 అని రాశాడు.

“దీన్ని సూక్ష్మరూపంల ఎవరు చెప్తరు?”



“అంత పెద్ద లెక్కను చిన్నగ చేసుడెందుకు సార్, ఉండనియ్యరాదు,” అన్నాడు ముందు వరుసలోని విజయ్. పిల్లలు గొల్లుమన్నారు. జగదీశ్ సారు మాత్రం నవ్వలేదు.

చివరి వరుసలో సౌందర్య లేచింది. బల్ల దగ్గరికి వచ్చి, నాలుగేసి గడులకు ఒకటి చొప్పున లావుపాటి గీతలు కొట్టింది.

“నాలుగు నాలుగు కలిపితే అయిదు కట్టలు సార్. రంగేసింది ఒకటే కట్ట. అయిదుల ఒకటి.” ఊపిరి తీసుకుని మళ్లీ అంది. “చేన్ల గూడ గంతే. ఇరవై సాళ్లల్ల నాలుగు మగయి, పదారు ఆడయి. ఎట్ల సూసినా అయిదుల ఒకటే.”

“శభాష్! మీ చేన్ల సూసినవా?”

“మాకు చేను లేదు సార్.”

“ఊరి చుట్టూ సీడు పత్తే గద సార్,” జగదీశ్ సారు నుదురు తుడుచుకున్నాడు. “కండ్ల ముంగటున్న దాంతోనే లెక్క చెప్పాలంట నేను.”

పెద్దసారు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. తర్వాత సౌందర్య వేళ్లు చూశాడు. కొనలు పసుపుపచ్చగా ఉన్నాయి.

“అప్పుడే బతుకమ్మకు తంగేడు పూలు తెంపుతున్నవా బిడ్డా?”

సౌందర్య చేతులు వెనక్కి పెట్టుకుంది.

“జగదీశ్, రేపు గద్వాలల లెక్కల పోటీ ఉంది. ఈ పిల్లను పంపు. గెలిచిందంటే గురుకులంల సీటుకు నేనే రాస్త.”

జీపు వెళ్లిపోయింది. పిల్లలంతా అన్నానికి పరుగెత్తారు. సౌందర్య కదల్లేదు. ఇంతవరకు ఎవరూ ఆమెను ఏ పోటీకీ పంపమనలేదు. బల్ల మీద తన గీతల్ని ఒకసారి చూసుకుని, సారు కుర్చీ దగ్గరికి వచ్చింది.

“సార్, రేపు ఎన్నింటికి రావాలె?”

“పోటీకి విజయ్ పోతడు తియ్,” అన్నాడు జగదీశ్ సారు, పట్టీలో రేపటి గడిలో ఆమె హాజరు ఇప్పుడే వేసేస్తూ, “నువ్వు పొద్దుగాల ఆరింటికే మా చేనుకు రా, లేకుంటే నాలుగు సాళ్ల మగ పువ్వంత వాడిపోతది.”