ఇంజనుకు హారతి

"అమ్మా, ఆ పళ్లెం అక్కడే ఆపండి!"

డ్రైవరు పేతురు చేతులు రెండూ చాచి కారుకు అడ్డం నిలబడ్డాడు. అతని వెనక బానెట్టు తెరిచి ఉంది. పళ్లెంలో కర్పూరం బిళ్లలు పేర్చుకుని, పక్కన అగ్గిపెట్టె పెట్టుకుని వస్తున్న భ్రమరాంబ మెట్ల మీదే ఆగిపోయింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తొలి దసరా అది. బేస్తవారిపేటలో ఆమె మొగుడు కృష్ణమూర్తికి పెట్రోలు బంకు ఉంది, ఈ ముసలి కారూ ఉంది. కారును మాత్రం పక్కనున్న కంభం ఊరికి పంపించి పెట్రోలు పోయిస్తాడు. సొంత సరుకు సొంతానికి వాడితే వ్యాపారం కలిసిరాదట.

"అడ్డమొచ్చినావేందిరా?" అంది భ్రమరాంబ.

"ఇంజను ఇప్పుడే పెట్రోలుతో కడిగినానమ్మా. ఇంకా తడి ఆరలేదు. దాని పక్కన కర్పూరం ముట్టిస్తే మనకందరికీ ఒకేసారి హారతి అయిపోతది."

"జిడ్డు మొహానికి బొట్టు ఎట్ల పెట్టేదని కడగమంటి. నాలుగు బిందెలు నీళ్లు పోయమంటే పోయకపోతివి."

"వైర్లలోకి నీళ్లు పోతే బండి కదలదమ్మా. అందుకే ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ వైరు ఊడదీసి, గుడ్డతో అద్దుకుంటా తుడిచినా. ఇంత చేసినాక నిప్పు తెస్తే ఎట్ల? కాసేపు ఆగండి, వాసన పోనీ."

"ఆగితే దుర్ముహూర్తం వస్తది." ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "అయినా ఏంది ఈ ఘాటు! బంకు పక్కనే కాపురం చేస్తున్నా. ఎన్నడూ ఇంత వాసన ఎరగను."

లోపలి నుంచి కృష్ణమూర్తి పట్టుపంచె సర్దుకుంటూ వచ్చాడు. రెండు ముక్కుల్లోనూ నస్యం దట్టించి ఉంది. ఆ ముక్కుకు పెట్రోలూ పన్నీరూ ఒకటే.

"ఏంది గోల?"

"మీ డ్రైవరు హారతి ఇయ్యనీయడంట. ఈ ఇంట్లో ఎవురి మాట చెల్లుతాదో తేల్చండి."

పెళ్లాం మీద అరవలేని మగవాడికి అరవడానికి ఒక జీతగాడు కావాలి. కృష్ణమూర్తి పేతురు మీద అరిచాడు.

"ఏంరా, మీ ప్రభువుకు మా కర్పూరం పడదా?"

"మా ప్రభువుదేముందయ్యా, ఆయన మూడోనాడు లేచినాడు. మనం లేస్తామా?"

పూజకొచ్చిన బంకు పనివాళ్లు గట్టిగా నవ్వారు. కృష్ణమూర్తి వాళ్ల వైపు చూడగానే నవ్వు మింగేశారు.

"పక్కకు జరుగు. లేకుంటే తాళంచెవి అక్కడ పెట్టి ఇంటికి పో. మళ్లీ ఈ గడప తొక్కొద్దు."

పేతురు ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ తాళంచెవి మీదే. అయినా జేబులోంచి తీసి పిట్టగోడ మీద పెట్టాడు. కారు ముందు నుంచి మాత్రం జరగలేదు.

"మీరు కాలిపోయినా ఈ ఉద్యోగం పోయేదేగా. ముందే పోనీయండి."

కృష్ణమూర్తి అతని భుజం మీదుగా లోపలికి తొంగిచూశాడు. ఏళ్ల జిడ్డు వదిలి ఇంజను తళతళలాడుతోంది. నోరు తెరిచాడు.

"బాగా వదిలిందే!"

"మెచ్చుకోళ్లు తర్వాత," అంది భ్రమరాంబ. "ముహూర్తం దాటిపోతాంది."

కృష్ణమూర్తి పేతురు మెడ చుట్టూ చెయ్యేసి, పనివాళ్లకు వినపడకుండా చెవి దగ్గరికి వంగాడు.

"పిచ్చోడా, నీకు పొద్దున నేనిచ్చిన పెట్రోలు డబ్బా ఎక్కడిది?"

"మన బంకుదేనయ్యా."

"మరి కారును కంభం ఎందుకు పంపిస్తాననుకున్నావు? బంకులో పెట్రోలులో ఏమేమి కలిపినానో నాకే గుర్తులేదు. అగ్గిపుల్లకు అంటుకునే సరుకు కాదది. ఎవురితోనన్నా అంటివా, నాలుక కోస్తా."

పేతురు మొహం పాలిపోయింది. "అయ్యా, ఆ డబ్బా..." అనబోయాడు. కృష్ణమూర్తి అతన్ని పక్కకు నెట్టి, పెళ్లాం చేతిలోంచి పళ్లెం లాక్కున్నాడు. తెరిచిన బానెట్టు కింద ఇంజను మీదికి వంగి, దర్జాగా అగ్గిపుల్ల తీశాడు.

"తాళంచెవి తీసుకోరా. పూజయినాక ఊరంతా తిరిగొద్దాం."

పేతురు తాళంచెవి తీసుకోలేదు. ఒక్క గెంతుకు పిట్టగోడ దూకాడు. అవతలి నుంచి అతని కేక వినపడింది.

"గీయొద్దయ్యా! మీరిచ్చినదానికి జిడ్డు కదల్లేదు. కారు టాంకీలోంచి కంభం పెట్రోలు లాగి కడిగినా!"