పక్క సీట్లో పెద్దాయన

“ఇదిగో, ఇదే అయ్యుంటుంది” అంటూ తెల్ల కారు వెనక తలుపు తీశాడు భర్త.

సేల్స్‌మన్ చెప్పిన గుర్తులు సరిపోయాయి. నడిపి చూసే తెల్ల కారు బయటికి వచ్చేస్తుంది, మా మనిషి తాళంచెవితో ఉంటాడు, అన్నాడతను.

మనిషి ఉన్నాడు. ముందు, పక్క సీట్లో.

షోరూం వాళ్లందరికీ ఉన్నట్టే నీలం చొక్కా. అరవై దాటి ఉంటాయి. చెప్పులు విప్పి, దులిపి, కాళ్ల దగ్గర కాగితం పరిచి దాని మీద పెట్టుకున్నాడు. తాళంచెవి అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

‘ఈ వయసులో ఉద్యోగమేమిటో పాపం’ అనుకుంటూ ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. “అమ్మా, ఇది...”

“మీరేం చెప్పకండి బాబాయిగారూ! చెబితే నాకు కంగారు. లైసెన్సు వచ్చి ఏడాదైంది, రోడ్డెక్కింది లేదు. ఇవాళ సరిగ్గా నడిపితేనే కారు కొందామంటున్నారు ఈయన. లేకపోతే మళ్లీ ఆ ఊసే ఎత్తొద్దట. ఆయనకేమో డ్యూటీ మీద ఊళ్లు తిరగడం. మావాడికేమో ఆయాసం. పోయిన నెల ఒక్క బండీ ఆగక, వాణ్ని భుజానేసుకుని ఆస్పత్రిదాకా పరిగెత్తాను.”

గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. తండ్రి ఒళ్లో చిన్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా పిల్లికూతలు.

తెరిచిన నోరు మూసేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. బెల్టు బిగించుకున్నాడు.

“పోనివ్వమ్మా.”

వెనక నుంచి చర్రుమని చప్పుడైంది.

“ఈ ప్లాస్టిక్ తొడుగులుంటే సీటు మెత్తనిదో గట్టిదో ఎలా తెలుస్తుందండీ?” అన్నాడు భర్త, చింపిన కవరు ఉండ చుడుతూ.

పెద్దాయన చెయ్యి సగం లేచింది. మళ్లీ ఒళ్లోకి వచ్చేసింది.

ఇక పరీక్ష మొదలైంది. భర్త తలుపు మీద వేళ్లతో టకటకా కొట్టాడు.

“ఇదేం రేకండీ బాబూ! బిస్కెట్ల డబ్బాలా ఉంది.”

“పలచనే బాబూ” ఒప్పుకున్నాడు పెద్దాయన.

“వెనక ముగ్గురు పడతారా?”

“పడతారు. కాకపోతే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. ఇద్దరికైతే హాయి.”

“సామానో?”

“పిల్లాడి తోపుడు బండి పెడితే అయిపోయింది. ఇంకో సంచి ఉంటే ఒళ్లో పెట్టుకోవాల్సిందే.”

భర్త పకపకా నవ్వాడు. “మీలాంటివాళ్లు ఇంకో ఇద్దరుంటే చాలు, షోరూం మూసుకోవచ్చు!”

“మరి మంచేమీ లేదా దీనికి?” రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగింది ఆమె.

“ఎందుకు లేదమ్మా! ఇరుకు సందులో కూడా తిరుగుతుంది. సీటు పైకి జరుపుకోవచ్చు. మా ఆవిడ నీకంటే పొట్టి, తనకే రోడ్డంతా కనబడింది.”

“పిన్నిగారు కూడా నడుపుతారా?”

“ఈ మధ్యే నేర్చుకుంది.”

“మీరు పక్కన కూర్చుంటారా?”

“అరవకుండా కూర్చోవడం నేను నేర్చుకుంటున్నాను.”

ఆమెకు నవ్వొచ్చింది. అంతసేపూ స్టీరింగ్‌ను పీక పట్టుకున్నట్టు పట్టుకున్న వేళ్లు కాస్త వదులయ్యాయి.

సిగ్నల్ దగ్గర వెనక బండివాడు హారన్ మోత మోగించాడు.

“వాడికంత తొందరైతే ఎగిరిపొమ్మను. నువ్వు నీ దారిన పో తల్లీ.”

వంతెన ఎక్కింది. దిగింది. సంత వీధిలో బండ్ల మధ్య నుంచి దూరి బయటపడింది. చిన్నాడు నిద్రపోయాడు.

షోరూం గేటులోకి తిప్పుతుండగా, పెద్దాయన వైపున కర్‌ర్‌ర్ అంది.

గేటు స్తంభం. తలుపు మీద జానెడు గీత.

“అదిగో! నేను చెప్పానా? అంతా అయ్యాక గుమ్మంలో గుద్దింది! నీవల్ల కాదే ఇది.”

ఆమె కళ్లు నిండాయి.

పెద్దాయన చెప్పులైనా వేసుకోకుండా దిగాడు. పిల్లాడి నుదుటి మీద జ్వరం చూసినట్టు, ఆ గీత మీద వేళ్లు ఆనించాడు. తర్వాత ఇటు తిరిగాడు.

“తప్పు నాది బాబూ. ఇటువైపు చూసి చెప్పాల్సింది నేను. కబుర్లలో పడ్డాను. అమ్మాయి నడపడంలో వంక లేదు. గుండెల మీద చెయ్యేసుకుని కూర్చున్నాను.”

భర్త చల్లబడ్డాడు. “సర్లెండి. కంపెనీ బండి. మీ జేబులోంచి పోయేదేముంది?”

“అదీ నిజమే” అని నవ్వాడు పెద్దాయన.

లోపల కుర్చీలో కూలబడి భర్త అన్నాడు: “ఇదే తీసుకుందాం. నువ్వే నడుపుదువు గాని.”

ఆమె పిల్లాణ్ని గుండెకు హత్తుకుంది. థాంక్స్ అయినా చెప్పలేదే అని అప్పుడు గుర్తొచ్చి, అద్దంలోంచి బయటికి చూసింది.

ఎవరో పెద్దావిడ వంగి గీతను చూస్తోంది. ఏదో అడుగుతోంది. పెద్దాయన తన గుండె మీద తట్టుకుని చూపిస్తున్నాడు, నేనే, నేనే అన్నట్టు.

“ఏమండీ, ఆ మేడం ఆయన్ని నిలదీస్తోంది! ఉద్యోగం ఊడుతుందేమో. పదండి, గుద్దింది నేనని చెప్పొద్దాం.”

లేచేసరికి సేల్స్‌మన్ ఆయాసపడుతూ ఎదురొచ్చాడు.

“సారీ అండీ, నడిపి చూసే బండి ఇప్పుడే తిరిగొచ్చింది. రండి, వెళ్దాం.”

“ఇంకెక్కడికి? మీ పెద్దాయన తిప్పి చూపించాడుగా!” అన్నాడు భర్త.

“మా పెద్దాయనా?”

ఆమె తలుపు దాకా పరిగెత్తింది. తెల్ల కారు అప్పటికే గేటు దాటుతోంది, స్తంభాన్ని తప్పించుకుంటూ, నెమ్మదిగా. స్టీరింగ్ ముందు ఆ పెద్దావిడ. పక్క సీట్లో నీలం చొక్కా, రెండు చేతులూ ఒళ్లో బిగబట్టుకుని.

“ఆ మేడం ఆయన్నేమైనా అన్నారా?” అడిగింది ఆమె.

“మేడమా? ఆవిడ ఆయన భార్యండీ, లోపల ఆవిడ సంతకాలు పెడుతుంటే ఇందాకేగా ఆ కొత్త కారు తాళాలు ఆయన చేతిలో పెట్టాం!”