నాలుగో బ్యాటరీ

"రిమోట్ కీని కారుకి దగ్గర్లో పెడుతున్నావక్కా. రాత్రంతా రెండూ మాట్లాడుకుంటూనే ఉంటాయి. అందుకే నెలకో బ్యాటరీ అయిపోతోంది. దూరంగా పెట్టు," అన్నాడు కిసుము బజారులో కీలు బాగుచేసే ఒడెరా.

అపోండి నాలుగో బ్యాటరీ వేయించుకుని ఇంటికొచ్చింది. ఆ కారు తన భర్తతో సహా సరస్సులో మునిగిపోయి నాలుగు నెలలైందని ఒడెరాకు చెప్పలేదు. ఆమెకు మిగిలింది ఈ రెండో కీ ఒక్కటే.

ఆ రాత్రి కీని దిండు పక్కన పెట్టుకుని, ముట్టుకోకుండా చూస్తూ పడుకుంది. కాసేపటికి దాని ఎర్రదీపం దానంతటదే వెలిగి ఆరింది. మళ్లీ వెలిగింది. ఈసారి ఆరలేదు.

"ఎంత దూరంలో ఉన్నావయ్యా?" అని గొణిగింది.

వీధిలో కుక్కలు మొరగడం ఆపేశాయి. వాన లేదు. అయినా గేటు అవతల నీళ్లోడుతున్న చప్పుడు.