అండాలమ్మకు తోడు

"సూదంటే నాకు భయం. ముందు గీమెకు గుచ్చు బిడ్డా!"

అండాలమ్మ తన చెయ్యి వెనక్కి లాక్కుని, పక్కనున్న సుగుణమ్మను ముందుకు తోసింది.

"నాకెందుకే? నేను నీకు తోడొచ్చిన, గంతే."

"నీకు గుచ్చితే నాకు ధైర్యమొస్తది."

నర్సు మెర్సీ ఇద్దరి వేళ్లకూ గుచ్చింది.

"ఎనిమిదేళ్ల నుంచి నెల నెలా ఇదే తంతు మేడమ్," అంది డాక్టరుతో. "తోడొచ్చే మనిషే మారుతది. ఈ అవ్వకు షుగరే లేదు."

డాక్టర్ హారిక కొత్తగా వచ్చింది. ఆమె బల్ల మీద పదేళ్ల షుగర్ చావుల పట్టిక ఉంది.

చుట్టుపక్కల అన్ని ఊళ్లలో ఆడవాళ్లూ మగవాళ్లూ దాదాపు సమానంగా పోతున్నారు. మోత్కూర్ దగ్గరి ఒక్క నేత ఊళ్లో మాత్రం ఆడవాళ్ల చావులు ఏటేటా తగ్గాయి. మూడేళ్లుగా సున్నా. మగవాళ్ల అంకె మాత్రం కదల్లేదు.

ఎందుకో తెలిస్తే మిగతా ఊళ్ల ఆడవాళ్లనూ బతికించవచ్చు. హారికకు అదే ధ్యాస.

"అవ్వా, నీకేం రోగం లేదు. ఊకె వచ్చి మా పని ఖరాబు చేయకు. ఇగ రాకు."

అండాలమ్మ నవ్వింది.

"గింత సక్కటి నోట్ల గిన్ని తిట్లా డాక్టరమ్మా!"

మరుసటి నెల ఆమె రాలేదు. ఆపై నెలా రాలేదు. ఆమె ఉండే ఆ నేత ఊరి నుంచి ఒక్క ఆడమనిషీ రాలేదు.

హారిక జీపు తీయించింది.

అండాలమ్మ ఇంటికి తాళం. ఎదురింట్లో సుగుణమ్మ మగ్గం మీద ఉంది.

"నువ్వు రావద్దన్నవని ఇంట్లనే కూసున్నది. ఇరవై రోజుల కింద గుండె ఆగింది."

హారిక మగ్గం దగ్గరికి వచ్చి అడిగింది. "మరి మీరెందుకు రావడం లేదు?"

"ఎవలకు తోడు రావాలె?"

హారికకు అర్థం కాలేదు.

"మా కోసం మేము దవాఖానకు పోతమంటే, మగ్గం ఎవలు నడుపుతరంటరు. రోగపు ముసల్దానికి తోడు పోతమంటే ఎవ్వలూ కాదనరు. గందుకే లేని షుగరు ఉన్నదని ఊరంత చెప్పుకున్నది. కన్నబిడ్డ షుగరుతోటి పోయినంక షురూ చేసింది. ఒక్కసారి పరీక్షయి పేరెక్కితే మందు గోళీలు ఇంటికే వస్తయి గద!"

"మగవాళ్లను తీసుకురాలేదా?"

"ముసల్దానికి మొగోళ్లు తోడొస్తరా?"

సుగుణమ్మ వాకిట్లోకి వచ్చి కేకేసింది.

వాడకట్టులో ఒక్కొక్క మగ్గం చప్పుడూ ఆగింది. ఒక్కొక్క గడపలో ఒక్కొక్క ఆడమనిషి. చేతుల్లో షుగర్ చీటీలు.

హారిక లెక్కపెట్టడం మొదలుపెట్టి, నలభై దగ్గర ఆపేసింది.

"సూదంటే భయమని ఎంత నాటకమాడింది!"

"భయం నాటకం కాదు డాక్టరమ్మా," అంది సుగుణమ్మ. "రేపు దవాఖాన అంటే, ముందురోజు ముద్ద మింగకపోయేది."