అంజూర చెట్టుకు చలికోటు

"కాళ్లకి కూడా ఏదైనా చుడదాం, ఫిలొమెనా," అన్నాడు డెక్లన్ మళ్లీ.

"చెట్టుకి కాళ్లేంటయ్యా?"

"అదే, తొట్టికి."

కింది అంతస్తు ముసలాయన మాట ఫిలొమెనా ఎన్నడు విన్నది గనక! మేడమీద నవంబరు గాలి రయ్యిమని కొడుతుంటే, అంజూర కొమ్మలన్నీ దగ్గరికి లాగి తాడుతో బిగించి, పోయిన మొగుడి పాత ఓవర్‌కోటు తొడిగి బొత్తాలు పెడుతోంది. కోటు మీద గోనెపట్టా, దాని మీద దుప్పటి. ఆఖర్న వాన లోపలికి దిగకుండా నెత్తిన ప్లాస్టిక్ బకెట్ బోర్లిస్తుంది. బ్రూక్లిన్‌లో వాళ్ల వీధినిండా ఇటలీ వాళ్ల అంజూర చెట్లు చలికాలమంతా ఇదే వేషంలో నిలబడతాయి. కాకపోతే అవి నేలలో పాతుకున్నవి. ఫిలొమెనాకి పెరడు లేదు, డాబా మీద తొట్టి ఉంది.

"తొట్టిలో మట్టి గడ్డకడితే వేళ్లు చచ్చిపోతాయిట. మొక్కల కొట్టువాడే చెప్పాడు. చుట్టూ థర్మోకోల్ కట్టి, గోడ వారకి జరిపామంటే..."

"నీకు మొక్కల కొట్టులో ఏం పని?"

డెక్లన్ చంకలోని థర్మోకోల్ పలకల్ని సర్దుకున్నాడు.

పని ఉంది మరి. భర్త నున్జియో పోయాక వచ్చిన మొదటి ఈస్టరుకి ఫిలొమెనా స్టేటన్ ఐలాండ్‌లో అక్క ఇంటికి వెళ్తూ, చెట్టుకి చుట్టినవన్నీ విప్పమని ఇతనికి పురమాయించింది. విప్పి చూస్తే లోపల ఎండుకట్టె! నున్జియో సొంతూరు నుంచి పెట్టెలో దాచి తెచ్చుకున్న కొమ్మ అది. ఆమె ఏడిస్తే చూడలేనని, ఆకులతో కళకళలాడే కొత్త చెట్టు మోసుకొచ్చి నాటి, పాతదాన్ని సందులో చెత్తడబ్బాల పక్కన పడేశాడు. తిరిగొచ్చిన ఫిలొమెనా "నా నున్జియో చిగురించాడు!" అంటూ ఆ ఆకుల్ని ముద్దులతో ముంచెత్తింది. ఆ తర్వాత ఏటా అదే తంతు. ఈస్టరు రావడం, ఎండుకట్టె బయటపడడం, ఇతను మెట్లెక్కి చావడం. ఒక ఏడు కంగారులో నల్ల అంజూరకి బదులు తెల్లది తెచ్చి పాతాడు. కాయలు తెల్లగా పండేసరికి అతనికి ముచ్చెమటలు పోశాయి. ఫిలొమెనా మాత్రం పండు చేత్తో పట్టుకుని, "అంతా సెయింట్ ఆంటొనీ మహిమ," అని గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

ఈ శీతాకాలం అతనికి మోకాలి ఆపరేషన్. వచ్చే ఈస్టరుకి చెట్టు కాదు కదా, తన ఒళ్లే తాను మోసుకోలేడు. ఈ చెట్టు గనక బతక్కపోతే బండారం బయటపడుతుంది. ఆమె మొగుణ్ణి రెండోసారి పోగొట్టుకుంటుంది. ఆవిడంటే అతనికి ప్రాణం. ఆ మాట పైకి అనడానికి మాత్రం నోరు రాదు.

"ఊరికే అలా నిలబడే బదులు ఆ మట్టి కుండీలు ఖాళీ చేసి బోర్లించు," అంది ఫిలొమెనా. "తడి మట్టి ఉంటే చలికి పగులుతాయి."

"కుండీ పగులుతుందని తెలుసు గానీ వేరు గడ్డకడుతుందని తెలీదా?"

"జీవితమంతా బస్సు నడిపావు. బస్సు గురించి చెప్పు, వింటాను."

"మంచు పడితే బస్సు చక్రాలకి గొలుసులు కడతాం. టాపుకి కోటు తొడగం!"

"చలి నెత్తికెక్కుతుంది గానీ కాళ్లకెక్కుతుందా ఎక్కడైనా?"

"నా మోకాలినడుగు, చెబుతుంది."

ఇక లాభం లేదని మూలుగుతూ వంగి, చంకలోని థర్మోకోల్ తొట్టికి చుట్టబోయాడు. ఫిలొమెనా లాగి అవతల పారేసింది.

"నా మొగుడి చెట్టు జోలికి రాకు!"

"అది నీ మొగుడి చెట్టు కాదు!" అని అరిచేశాడు డెక్లన్. "అది మొదటి చలికాలమే చచ్చింది. ఏటా చస్తోంది. ఏటా నేనే దొంగచాటుగా కొత్తది తెచ్చి పెడుతున్నాను!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఫిలొమెనా బకెట్ తీసి చెట్టు నెత్తిన బోర్లించి, టోపీ సర్దినట్టు సర్దింది.

"తెలుసు," అంది.

"తెలుసా!"

"నల్ల అంజూర తెల్లగా కాస్తే నమ్మడానికి నేనేమన్నా పాలు తాగే పిల్లనా?"

"మరి సెయింట్ ఆంటొనీ?"

"పాపం, నీ పరువు కాపాడ్డానికి ఆయన్ని వాడుకున్నాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే మెట్లెక్కడం మానేస్తావు. నాతో పోట్లాడ్డానికి నువ్వు తప్ప ఇంకెవరున్నారు నాకు?"

డెక్లన్ చెవులు ఎర్రబడ్డాయి. కళ్లు కూడా చెమర్చాయి. అంతలోనే ఇంకో సంగతి తట్టింది.

"నా రాక కోసం ఏటా ఒక చెట్టుని చంపుకున్నావా? నున్జియో చెట్టుతో సహా?"

ఫిలొమెనా పడీపడీ నవ్వింది.

"చచ్చాయని ఎవరన్నారు నీకు? అంజూర మే నెల వస్తే గానీ కళ్లు తెరవదు, మొద్దూ! ఏటా ఈస్టరయ్యాక నన్ను దింపి, సందులో చెత్తడబ్బాల దగ్గర మా బావ కారాపి ఏం ఎత్తుకెళ్తున్నాడనుకున్నావు?"

"ఏం ఎత్తుకెళ్లాడు?"

"నువ్వు పారేసినవన్నీ మా అక్క పెరట్లో కాస్తున్నాయి."